కాటా గుమస్తా చుక్కలు

శనివారం చివరి టిక్కీ కాటా వేసి
ముక్కుకు కట్టిన తువ్వాలు విప్పుకుని
మిర్చి యార్డు నుంచి తిన్నగా
సంగడిగుంట చర్చికి పోతాను.
ఆ రెండు గంటలూ గుమస్తాని కాను,
మగపిల్లల సంఘానికి మాస్టార్ని.

అయినా చెయ్యి ఊరుకోదు గదా.
మొదటి నెలలోనే పట్నంబజారులో
ఒక రంగు అట్ట కొన్నాను, చుక్కల స్టిక్కర్లు ఆరు షీట్లు.
పేర్లు నిలువుగా రాశాను, వారాలు అడ్డంగా.
వేళకు వస్తే ఒక చుక్క,
బంగారు వాక్యం తడబడకుండా చెబితే రెండు,
కొత్తవాణ్ణి తీసుకొస్తే మూడు.
ఇరవైకి బంతి. నూటికి బ్యాటు.
యార్డులో కూడా ఇంత చక్కని పద్దు ఎవరూ రాయరు.

పనిచేసింది. అబద్ధం ఎందుకు,
తొమ్మిది మంది ముప్ఫై నలుగురయ్యారు.
ఫిలేమోను తన బాబాయి కొడుకుని
నాలుగు వారాల్లో నాలుగు పేర్లతో తెచ్చాడు,
ఒకసారి టోపీ పెట్టి,
ఒకసారి పేలు పడ్డాయని గుండు కొట్టించాక.
పట్టుకుని అడిగితే
"ప్రతిసారీ కొత్తగానే ఉన్నాడు గదండీ" అన్నాడు.
నవ్వాపుకోలేక ఇంకో చుక్క ఇచ్చాను, అది నా తప్పు.
సీలాసు వాక్యం ఊపిరి తీయకుండా అప్పజెప్పాడు.
అర్థం చెప్పరా అంటే
"అర్థానికి ఎన్ని చుక్కలు సార్?"
ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు.

అట్ట మీద పదిహేడో వరస ఖాళీ.
కొమ్ము ఆమోసు. పన్నెండేళ్ళు.
అందరికంటే ముందొచ్చి చాపలు పరుస్తాడు,
కుళాయి దగ్గర గ్లాసులు కడిగి బోర్లిస్తాడు,
అందరూ పోయాక ఫ్యాన్లు ఆపి
తాళం నా చేతిలో పెడతాడు.
వాక్యం వచ్చా అంటే వచ్చంటాడు.
చెప్పరా అంటే
చాప చుట్టుకుంటూ అవతలికి పోతాడు.

ఒక శనివారం నేనే మూడు చుక్కలు ఒలిచి
వాడి పేరు ఎదుట అంటించబోయాను.
"వద్దు సార్."
నా చెయ్యి పట్టుకోలేదు,
అట్టకూ నాకూ మధ్య వచ్చి నిలబడ్డాడంతే.
అప్పుడు చూశాను వాడి వేళ్ళు.
గోళ్ళ సందుల్లో ఎరుపు,
ఏ సబ్బుకూ పోదు, నాకు తెలిసిందే.
"సెలవుల్లో అమ్మతో తొడాలు తీయడానికి పోతా సార్.
కిలోకింత. పొద్దుగూకులూ లెక్కే.
నిద్రలో కూడా లెక్కే వస్తది.
ఇక్కడొక్కచోటే ఎవరూ తూచరని..."
మిగతాది చెప్పలేదు.
గ్లాసులు తడిగా ఉన్నాయని తుడవడానికి పోయాడు.

మూడు చుక్కలూ నా వేళ్ళకే అంటుకుని ఉన్నాయి.
షేరాటోలో చిల్లర ఇస్తుంటే
డ్రైవరు చూసి నవ్వాడు.
ఇరవై రెండేళ్ళుగా తూస్తున్నాను,
తేమకింత, తాలుకింత తరుగు తీసి.
దీనికి పడికట్టు రాయి నా దగ్గర లేదు.

అట్ట పీకేశాననుకుంటారేమో. పీకలేదు.
యోవేలుకి ఏడేళ్ళు. చుక్క ఇస్తే అట్టకు పెట్టనివ్వడు,
నుదుట అంటించుకుని ఇంటికి పోతాడు.
వాళ్ళ నాయనమ్మ వారమంతా
అది తడవకుండా చుట్టూ ముఖం కడుగుతుందట.
దాన్ని తప్పని ఏ నోటితో అనను?

బ్యాటు సీలాసు గెలిచాడు, న్యాయంగానే.
గెలిచాక రెండు వారాలు ఐపు లేడు.
మూడో వారం వచ్చాడు, అట్ట వైపు చూడకుండా,
"పిడి వదులైంది సార్, దారం ఏమన్నా ఉందా?"
నా జేబులో గోతాలు కుట్టే పురికొస ఎప్పుడూ ఉంటుంది.
సీలాసు బ్యాటు బిగబట్టాడు, ఆమోసు చుట్టాడు,
పంటితో కొరికి ముడేశాడు.
ఎవరి పేరు ఎదుటా ఏమీ రాయలేదు నేను.
ఎన్ని చుట్లు వేశాడో కూడా లెక్కపెట్టలేదు.

పదకొండు.
ఏం చెయ్యను, అలవాటు.